ఒకటే నంబరు... నలుగురు గూఢచారులు!

పెళ్లిలో చదివింపులైనా, గుడికి చందా అయినా, అయ్యవారికి సంభావన అయినా మన తెలుగువాళ్లకి వంద చాలదు. దానిమీద పదహారు పడాల్సిందే! సున్నాతో ముగిస్తే అక్కడితో ఆగిపోయినట్టనీ, పైన ఇంకొంత చేరిస్తే మున్ముందు పెరుగుతుందనీ పెద్దల నమ్మకం. అలా తాంబూలంతోపాటు చేతులు మారే నూటపదహారుని తీసుకెళ్లి ఓ గూఢచారికి నంబరుగా తగిలించింది తెలుగు సినిమా. 1966లో 'గూఢచారి 116'గా పుట్టిన ఆ నంబరు మరుసటి ఏడాదే హిందీకి వెళ్లింది. అక్కడ ఇద్దరు హీరోల చేతులు మారింది. 2018లో మళ్లీ తెలుగింటికి తిరిగొచ్చింది. యాభై రెండేళ్లలో నలుగురు నటులు ఆ నంబరుతో తుపాకీ పట్టారు. కృష్ణ, జితేంద్ర, ధర్మేంద్ర, అడివి శేష్!

జేమ్స్‌బాండ్‌గా ఆరుగురిలో ఎవరు గొప్ప అని ప్రపంచమంతా వాదించుకుంటుంది. మన 116 విషయంలో ఆ వాదన పెద్దగా జరగలేదు. అసలు ఈ నలుగురూ వేసింది ఒకే గూఢచారి పాత్ర అన్న సంగతే చాలామందికి పట్టలేదు. పక్కపక్కన నిలబెట్టి చూస్తే గానీ తెలియదు... ఆ నంబరు ఎవరికి ఎంత ఇచ్చిందో, ఎవరు దానికి ఎంత ఇచ్చారో!

మూడు భాషల కూడలిలో

ఈ పోలికకి సరైన చోటు కోసం వెతికితే హైదరాబాదు, చెన్నైలకన్నా ముందు అనంతపురం జిల్లా విడపనకల్లు లాంటి ఊరు గుర్తుకురావాలి. ఒకవైపు గుంతకల్లు రైల్వే జంక్షన్, ఇంకోవైపు బళ్లారి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. రాష్ట్రాలు వేరయ్యాయి గానీ రాకపోకలు వేరు కాలేదు. పెళ్లిబట్టలకైనా, ఆసుపత్రికైనా, సినిమాకైనా బళ్లారి బస్సెక్కడం ఈ ప్రాంతానికి అలవాటే. అక్కడి గోడలమీద తెలుగు పోస్టరు పక్కన కన్నడ పోస్టరు, దాని పక్కనే హిందీ పోస్టరు. కృష్ణనీ, రాజ్‌కుమార్‌నీ, జితేంద్రనీ సమానంగా ఎరిగిన ప్రేక్షకులు ఈ సరిహద్దు పల్లెల్లోనే ఉంటారు.

వానలకి కరువున్న సీమే గానీ, కట్టమీద వాదనలకి కరువు లేదు. సినిమాల మాట వచ్చిందంటే ఇలా సాగుతుంది.

''ముందర చేసిండేది మన కృష్ణ కదప్పా! నంబరు ఆయప్పదే.''

''చేస్తే చేసినాడులే అన్నా, రంగుల్లో సూపించింది జితేంద్ర గదా!''

ఎవరు ముందు చూసిన హీరో వాళ్లకి అసలు హీరో. మిగతావాళ్లంతా వేషం వేసుకొచ్చినవాళ్లు. బాండ్ విషయంలో లండన్‌లో జరిగేదీ ఇదే, రచ్చకట్టమీద జరిగేదీ ఇదే!

పాత రోజుల్లో పల్లెకి సినిమా వచ్చిందంటే టూరింగ్ టాకీసే. డేరా, నేల టిక్కెట్టు, ఒక్కటే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఒక్క ఇంటర్వెల్లుకి బదులు మూడో నాలుగో వచ్చేవి. గూఢచారి సినిమాకి అదో అదనపు మజా. విలన్ తలుపు వెనక నక్కి ఉండగా రీలు అయిపోతే, వేయించిన బుడ్డలు నములుతూ జనమంతా తర్వాత ఏమవుతుందో తేల్చేసేవాళ్లు. కరెంటు లేని ఊళ్లో జనరేటరు వెలుగులో, గడియారంలోంచి మాట్లాడే మనిషిని చూడటమంటే ఆషామాషీ వింత కాదు!

గూఢచారి ఎందుకొచ్చాడు?

గూఢచారి మనకు కొత్తవాడు కాదు. వేగు, చారుడు, వేగులవాడు... మాటలే చెబుతాయి. రాయలవారి 'ఆముక్తమాల్యద'లోని రాజనీతిలోనూ వేగుల ప్రస్తావన ఉంది. పెనుకొండ కోటను చూసిన సీమకి ఇది తెలియనిది కాదు. కానీ కోటు వేసుకుని, కారు నడుపుతూ, అమ్మాయితో పాట పాడే వేగులవాణ్ని మాత్రం 1966 దాకా మన తెర ఎరగదు.

ఆ కాలం కూడా అలాంటిది. 1962లో చైనాతో యుద్ధం, 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం. 'జై జవాన్, జై కిసాన్' అని లాల్ బహదూర్ శాస్త్రి పిలుపునిచ్చిందీ ఆ 1965లోనే. అదే సమయంలో దేశం కరువులతోనూ పోరాడుతోంది. మెట్ట సీమలో ఒకే ఇంట్లో ఒకడు జవానూ ఇంకొకడు కిసానూ కావడం మామూలే. రేడియోలో యుద్ధవార్తలు విన్న జనానికి దేశంలో దాక్కున్న శత్రువుని పట్టుకునే హీరో కావాలి. ప్రపంచమంతా షాన్ కానరీ 'డాక్టర్ నో' (1962)తో మొదలైన బాండ్ గాలి ఎలాగూ వీస్తోంది. రెండూ కలిశాయి.

మొదటివాడు: కొత్త ముఖం

'గూఢచారి 116'కి నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు. రచన ఆరుద్ర, సంగీతం టి.చలపతిరావు. మూలం ఫ్రెంచి సినిమా. 1964లో వచ్చిన ఆ చిత్రంలో గూఢచారి పేరు ఓఎస్ఎస్ 117. మన దగ్గరికి వచ్చేసరికి ఒకటి తగ్గి 116 అయింది. కారణం ఏదైనా ఆ ఒక్కటీ తగ్గడం మేలే చేసింది. ఫ్రెంచి నంబరు కాస్తా తెలుగు చెవికి ఇంటి మాటలా వినిపించింది!

హీరో కృష్ణకి అప్పటికి ఇరవై మూడేళ్లు. ఆదుర్తి సుబ్బారావు తీసిన 'తేనెమనసులు' (1965), 'కన్నెమనసులు' (1966)... అంతే అనుభవం. 'తేనెమనసులు'లో స్కూటరుమీద చేసిన సాహసం చూసి డూండీ ఈ వేషానికి ఎంచుకున్నారని పరిశ్రమలో చెబుతారు. హీరోయిన్ జయలలిత. తర్వాతి కాలంలో తమిళనాడు ముఖ్యమంత్రి అయిన ఆ జయలలితే.

అప్పట్లో తెలుగుతెర అంటే ఎన్టీఆర్, ఏఎన్నార్. ఒకరి ముఖంలో కృష్ణుడో రాముడో కనిపిస్తాడు, ఇంకొకరి ముఖంలో దేవదాసు కనిపిస్తాడు. వాళ్లలో ఎవరికి కోటు తొడిగినా జనం ముందు ఆ హీరోనే చూస్తారు, ఆ తర్వాతే గూఢచారిని. కృష్ణకి ఆ చిక్కు లేదు. ఆయన ఇంకా ఎవరికీ పెద్దగా తెలియదు. గూఢచారికి కావాల్సిన మొదటి అర్హత అదే కదా! నలుగురిలో ఉన్నా పట్టుబడని ముఖం.

కృష్ణ 116లో బలం వేగం. పోరాటంలోనైనా, పరుగులోనైనా ఆయన ఆలోచించినట్టు కనిపించడు, దూకేస్తాడు. సంభాషణలో తడబాటు, ప్రేమ సన్నివేశాల్లో బిగువు కనిపించినా, అది కొత్త ఉద్యోగంలో చేరిన కుర్రాడి బెరుకులా పాత్రకి అతికిపోయింది. 'ఆంధ్రా జేమ్స్‌బాండ్' అన్న పేరు ఆ తర్వాత ఆయన్ని వదల్లేదు. 'జేమ్స్‌బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981)... కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో వరసగా వచ్చాయి. 1989లో కోడి రామకృష్ణ 'గూఢచారి 117' తీశారు. ఫ్రెంచివాడి దగ్గర తగ్గించిన ఆ ఒక్కటీ ఇరవై మూడేళ్ల తర్వాత అలా జమ అయిందన్నమాట!

రెండోవాడు: తెల్లబూట్లు

'గూఢచారి 116'కి కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ మామూలు మనిషి కాదు. ఎన్టీఆర్ 'సీతారామకల్యాణం' (1961)లో ట్రిక్ ఫొటోగ్రఫీతో అందరినీ అబ్బురపరిచిన ఛాయాగ్రాహకుడు. అదే కథని హిందీలో 'ఫర్జ్' (1967)గా తీస్తూ ఆయన దర్శకుడయ్యారు. తెలుగు గోపి అక్కడ గోపాల్ అయ్యాడు. నంబరు మాత్రం మారలేదు. నూటపదహారే!

ఆ గోపాల్ జితేంద్ర. సినిమావాళ్లకి కృత్రిమ నగలు సరఫరా చేసే వ్యాపారి కొడుకు. వి.శాంతారాం 1964లో హీరోని చేసినా గట్టి విజయం కోసం ఇంకా ఎదురుచూస్తున్నాడు. 'ఫర్జ్' దాన్ని తెచ్చిపెట్టింది. ఆ సినిమాలో ఓ పాటకోసం జితేంద్ర దుకాణంలో కొనుక్కున్న టీషర్టూ తెల్లబూట్లూ ఆయనకి జీవితాంతం గుర్తుగా మిగిలిపోయాయి. మహమ్మద్ రఫీ పాడిన పుట్టినరోజు పాట ఈనాటికీ కేకు కోసే చోటల్లా వినిపిస్తూనే ఉంది.

ఇద్దరినీ పోలిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. కృష్ణది నలుపు తెలుపు గూఢచారి. చీకటి, పొగ, నీడ... బొమ్మే సగం రహస్యాన్ని మోస్తుంది. జితేంద్రది రంగుల గూఢచారి. రంగుల్లో రహస్యం దాచడం కష్టం. అందుకే ఆయన దాచలేదు! ఎగిరాడు, గెంతాడు, అల్లరి చేశాడు. ఈ పోకిరీ కుర్రాడు గూఢచారా అని ఎవరికీ అనుమానం రాకపోవడమే అతని మారువేషం. పనిలో కృష్ణ నమ్మకంగా ఉంటే, పాటలో జితేంద్ర నమ్మకంగా ఉంటాడు. ఒకరు ఉద్యోగానికి వచ్చినట్టుంటారు, ఇంకొకరు సెలవుమీద వచ్చినట్టుంటారు.

ఈ ఇద్దరి బంధం అక్కడితో ఆగలేదు. కృష్ణ 'ఊరికి మొనగాడు' (1981) జితేంద్రకి 'హిమ్మత్‌వాలా' (1983) అయింది. తీసింది కృష్ణ సొంత సంస్థ పద్మాలయా! మొదటిసారి వాళ్లిద్దరినీ కలిపింది మాత్రం నూటపదహారే.

మూడోవాడు: గదలాంటి చెయ్యి

1973లో నగాయిచ్ 'కీమత్' తీశారు. గోపాల్ మళ్లీ వచ్చాడు. కానీ ఈసారి ధర్మేంద్ర! హీరోయిన్ రేఖ. ధర్మేంద్రకి గూఢచారి వేషం కొత్త కాదు. రామానంద్ సాగర్ 'ఆంఖే' (1968)లో అదరగొట్టినవాడే. అందం, దేహం, పంజాబీ పౌరుషం... ఏది చూసినా ముందు ఇద్దరికన్నా పైనే. కాగితంమీద చూస్తే ఇతనే అసలైన 116 అయి ఉండాలి.

కాలేదు! ధర్మేంద్ర తెరమీదికి రాగానే ప్రేక్షకుడికి ధర్మేంద్రే కనిపిస్తాడు. ఆయన గెలుస్తాడా అన్న అనుమానం ఎవరికీ ఉండదు. శత్రువు గుహలో చిక్కుకున్నా, అయ్యో అనిపించదు... ఆ శత్రువుమీద జాలి కలుగుతుంది! 2025 నవంబరులో ధర్మేంద్ర కన్నుమూసినప్పుడు జనం 'షోలే'నీ 'చుప్‌కే చుప్‌కే'నీ తలుచుకున్నారు గానీ, 'కీమత్'ని తలుచుకున్నవాళ్లు తక్కువ.

నగాయిచ్‌కీ ఈ సంగతి అర్థమైందేమో! 1979లో 'సురక్షా' తీసినప్పుడు గన్‌మాస్టర్ జి9 అనే కొత్త గూఢచారిని సృష్టించి, అప్పటికింకా నిలదొక్కుకుంటున్న మిథున్ చక్రవర్తికిచ్చారు. ఆ కుర్రాడి దశ తిరిగింది. 1982లో 'రక్షా'తో 116ని మళ్లీ తీశారు. గోపాల్ మళ్లీ జితేంద్రే. నంబరు పాత యజమాని దగ్గరికి చేరింది గానీ, పదిహేనేళ్లలో ఆ యజమానే పెద్ద హీరో అయిపోయాడు. 'ఫర్జ్' నాటి గుబులు 'రక్షా'లో లేదు.

పక్క రాష్ట్రంలో ఒక్కడే

విడపనకల్లు నుంచి హద్దు దాటితే లెక్క వేరు. కన్నడంలో 'జేడర బలె' (1968)తో వచ్చిన గూఢచారి సిఐడి 999. నాలుగు సినిమాల్లో వచ్చాడు. దొరై–భగవాన్‌లు తీసిన ఆ నాలుగింటిలోనూ ఒక్కడే నటుడు, రాజ్‌కుమార్! 1978లో వచ్చిన ఆఖరిది వజ్రాల ముఠా కథ. తొలకరి చినుకు పడగానే చేలల్లో వజ్రాలు వెతికే వజ్రకరూరు పక్కవాళ్లకి ఆ కథ ప్రత్యేకంగా అర్థం చేయించాలా!

కన్నడిగులకి 999 అంటే ఇంకో ముఖం లేదు. పోలికే లేదు కాబట్టి వాదనా లేదు. పాత్రని మించిపోయిన నటుడు దొరికితే కలిగే లాభం అది. నష్టమూ అదే. ఆయన తర్వాత ఆ నంబరు ఎవరికీ వెళ్లలేదు. నూటపదహారు చేతులు మారింది కాబట్టే బతికింది.

పారిస్ అన్నయ్య

మన 116కి అన్నయ్య లాంటి ఓఎస్ఎస్ 117 కథ ఇంకా చిత్రం. జా బ్రూస్ అనే ఫ్రెంచి రచయిత 1949లోనే ఆ పాత్రని సృష్టించాడు. అంటే ఇయాన్ ఫ్లెమింగ్ బాండ్ తొలి నవల (1953)కన్నా నాలుగేళ్లు పెద్దవాడు! తెరమీద అతన్ని ఇవాన్ డెస్నీ, కెర్విన్ మాథ్యూస్, ఫ్రెడరిక్ స్టాఫర్డ్, జాన్ గావిన్ పోషించారు. మన సినిమాకి మూలమైన బ్యాంకాక్ కథలో హీరో మాథ్యూస్. సింద్‌బాద్ వేషంతో పేరుతెచ్చుకున్న అమెరికన్ నటుడు. వీళ్లలో చాలామంది బాండ్‌ని చూసి బాండ్‌లా నటించినవాళ్లే. కాలం మారగానే జనం మరిచిపోయారు.

2006లో జా దుజార్దాఁ వచ్చాడు. అదే నంబరు, అదే కోటు. కానీ ఈ 117 తనకి అన్నీ తెలుసనుకునే తెలివితక్కువవాడు! పాత గూఢచారుల డాబుని నవ్వులపాలు చేసిన ఆ సినిమా హిట్టయింది. 2009, 2021ల్లో ఇంకో రెండొచ్చాయి. తొలి రెండూ తీసిన దర్శకుడు మిషెల్ హజనావిసియస్‌తోనే దుజార్దాఁ 'ది ఆర్టిస్ట్' చేసి, 2012లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. పాత వేషాన్ని అలాగే తొడుక్కున్నవాళ్లు మరుగునపడ్డారు, కొత్తగా కుట్టించుకున్నవాడు నిలిచాడు.

బాండ్ చెప్పే నీతి

007 లెక్కా చూద్దాం. కానరీ పాత్రలోకి వచ్చేనాటికి పెద్ద పేరున్నవాడు కాదు. ఒకప్పుడు ఎడిన్‌బరోలో పాలు పోసినవాడు. పాత్రకోసం పోరాడాడు, నిలిచాడు. 1969లో వచ్చిన జార్జ్ లాజెన్‌బీ కూడా కొత్తవాడే. ఆస్ట్రేలియా మోడల్. ఒక్క సినిమాతో తప్పుకున్నాడు. కొత్త ముఖం ఒక్కటే చాలదని అక్కడ తేలింది. ఇక రోజర్ మూర్ 1973లో వచ్చేనాటికే టీవీలో 'ది సెయింట్'గా పేరున్నవాడు. పైగా కానరీకన్నా మూడేళ్లు పెద్ద! అయినా ఏడు సినిమాలు చేశాడు. ఎలా? కానరీ నడక నడవలేదు. కనుబొమ్మ ఎగరేసి, చిలిపిగా నవ్వి, తన బాండ్‌ని తనే తయారుచేసుకున్నాడు. డేనియల్ క్రెయిగ్ బంగారు జుత్తు చూసి ఇతను బాండేంటి అని విసుక్కున్నవాళ్లే, 'కాసినో రాయల్' (2006) తర్వాత నోరు మూసుకున్నారు. అతను గెలవడంకన్నా, దెబ్బతగిలితే నొప్పి తెలిసే మనిషిలా కనిపించడం నచ్చింది.

కాబట్టి నియమం ఒక్కటే కనిపిస్తోంది. వచ్చినవాడికి ఆ వేషంతో ఏదో ఒక అవసరం ఉండాలి. బతుకు నిలబెట్టుకోవాలన్న ఆకలైనా, ముందువాడి నీడలోంచి బయటపడాలన్న పంతమైనా! ఏదీ లేనివాడికి నంబరు అంటదు.

నాలుగోవాడు: పేరే రహస్యం

2018 ఆగస్టు 3న 'గూఢచారి' వచ్చింది. దర్శకుడు శశికిరణ్ తిక్కా. హీరో అడివి శేష్. అమెరికాలో పెరిగి, సినిమా పిచ్చితో వెనక్కి వచ్చి, 'కర్మ' (2010)కి తనే దర్శకుడూ హీరో అయి, ఆ తర్వాత 'పంజా' (2011)లో విలన్‌గా, 'బాహుబలి' (2015)లో భల్లాలదేవుడి కొడుకుగా చిన్నా పెద్దా వేషాలు వేసినవాడు. హీరోగా ఎవరూ కథలు తేకపోతే తనే రాసుకోవడం అలవాటు చేసుకున్నాడు. 'క్షణం' (2016) అలా వచ్చిందే. 'గూఢచారి' కథా అతనిదే. ఆ కథలో అతని నంబరు 116. పుట్టినప్పటి పేరు గోపి!

పాత సినిమాకి నమస్కారం పెట్టి ఊరుకుంటే ఇందులో విశేషం లేదు. అసలు మార్పు వేరే ఉంది. 1966లో గోపి అనే కుర్రాడు ఉన్నాడు, 116 అన్నది అతను దాచుకోవాల్సిన రహస్యం. 2018లో అర్జున్ అనే కుర్రాడు ఉన్నాడు, గోపి అన్నదే రహస్యం! చిన్నప్పుడే తండ్రి దూరమైన పిల్లవాణ్ని కాపాడటానికి పెంచినవాడు పేరు మార్చేశాడు. సొంత పేరు పలకలేనివాడి దేశభక్తి ఎలా ఉంటుందన్నదే ఈ కథకి ప్రాణం.

శత్రువు కూడా దగ్గరికొచ్చాడు. 'ఫర్జ్'లో గూఢచారి అనుమానం ప్రేమించిన అమ్మాయి తండ్రిమీదికి వెళ్తుంది. కొత్త 'గూఢచారి'లో ఆ ముడి హీరో సొంత రక్తసంబంధం దాకా వస్తుంది. యాభై ఏళ్లలో శత్రువు మామగారి ఇంటినుంచి మన ఇంట్లోకే నడిచొచ్చాడన్నమాట. శేష్ కళ్లలో కృష్ణ వేగం లేదు, జితేంద్ర అల్లరి లేదు, ధర్మేంద్ర బలం లేదు. నమ్మినవాళ్లే మోసం చేశారేమోనన్న బెంగ ఉంది. ఈ కాలం గూఢచారికి అదే ఆయుధం.

శేష్ తర్వాత అదే దర్శకుడితో 'మేజర్' (2022) చేశాడు. 2008 నవంబరు ముంబయి దాడుల్లో ప్రాణాలిచ్చిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ కథ. కల్పిత గూఢచారి వేసిన నటుడే నిజం జవాను వేషానికి వెళ్లాడు. జవాన్లని పంపే ఇళ్లున్న ఊళ్లో కూర్చుని చూస్తే ఈ రెండు వేషాల మధ్య దూరం తెలుస్తుంది. గోపి ప్రతి సినిమా చివరా తిరిగొస్తాడు. అందరు కొడుకులూ తిరిగిరారు.

నూటపదహారు ప్రయాణం

* 1966: 'గూఢచారి 116', తెలుగు. కృష్ణ, జయలలిత. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు
* 1967: 'ఫర్జ్', హిందీ. జితేంద్ర, బబిత. దర్శకుడు రవికాంత్ నగాయిచ్
* 1973: 'కీమత్', హిందీ. ధర్మేంద్ర, రేఖ. దర్శకుడు రవికాంత్ నగాయిచ్
* 1982: 'రక్షా', హిందీ. జితేంద్ర, పర్వీన్ బాబీ. దర్శకుడు రవికాంత్ నగాయిచ్
* 2018: 'గూఢచారి', తెలుగు. అడివి శేష్, శోభిత ధూళిపాళ. దర్శకుడు శశికిరణ్ తిక్కా

ఎవరు గొప్ప?

నవలల్లో అయితే ఈ గొడవే లేదు. మధుబాబు 'షాడో'ని అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివేసిన తరం వాళ్లని అడగండి. షాడో ఎలా ఉంటాడంటే ఒక్కొక్కరు ఒక్కో ముఖం చెబుతారు. ఊళ్లో ఎంతమంది పాఠకులుంటే అంతమంది షాడోలు! సినిమాకి ఆ సుఖం లేదు. ఒక ముఖాన్ని ఎంచుకోవాలి. ఎంచుకున్న ముఖం నచ్చకపోతే మాటలు పడాలి.

వేగంలో కృష్ణకి, పాటలో జితేంద్రకి, దేహంలో ధర్మేంద్రకి, బాధలో శేష్‌కి మార్కులు వెయ్యొచ్చు. కానీ ఇంకో లెక్క ఉంది. వీళ్లలో ముగ్గురు 116ని అందుకున్నప్పుడు చేతిలో పెద్దగా ఏమీ లేనివాళ్లు. మూడో సినిమా కుర్రాడొకడు, హిట్టు కోసం ఎదురుచూస్తున్నవాడొకడు, తన వేషం తనే రాసుకోవాల్సి వచ్చినవాడొకడు. వాళ్లకి ఆ సినిమా తప్పితే తర్వాతి సినిమా ఉంటుందో లేదో తెలియదు. గూఢచారి పరిస్థితీ అదే కదా! తప్పితే రేపు లేదు. పాత్ర భయమూ నటుడి భయమూ ఒకటైనప్పుడు జనం నమ్మారు. ధర్మేంద్రకి ఆ భయం అక్కర్లేదు, అందుకే ఆ వేషం ఆయనకి ఒక వేషంగానే మిగిలింది.

వానకోసం ఆకాశం చూస్తూ విత్తనం వేసే సీమకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తప్పితే ఏడాదంతా పోయే పని చేసేవాడి ముఖం ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు. తెరమీద అది కనిపిస్తే గుర్తుపడతారు.

నంబరు మనదే అన్న మాట ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. హిందీ ప్రేక్షకులు ఏజెంట్ 116 అనగానే తెల్లబూట్ల జితేంద్రనే తలుస్తారు. దానికి ముందు నలుపు తెలుపులో ఓ బుర్రిపాలెం కుర్రాడున్నాడన్నది చాలామందికి తెలియదు. 2022 నవంబరు 15న కృష్ణ కన్నుమూశారు. అప్పటికి నాలుగేళ్ల ముందే ఆ నంబరు తెలుగు తెరకి తిరిగొచ్చింది. అంతవరకూ సంతోషమే!

నూటపదహార్లు పెట్టెలో దాచుకునే డబ్బు కాదు. ఒక ఇంట్లో పెళ్లికి వచ్చింది ఇంకో ఇంట్లో గృహప్రవేశానికి వెళ్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాడి చేతిలో పడితేనే దానికి అందం. ఐదోవాడు ఎప్పుడో వస్తాడు. అతనికి ఇంకా పేరు రాకుండా ఉంటే బాగుండు!